నడుమ చుక్క

ఎవరి కంటా పడని తప్పును తానే బయటపెట్టుకోవాలా? 1997లో ఒక మధ్యాహ్నం, మరునాడు ఖగోళశాస్త్రంలో థీసిస్ ఇవ్వవలసిన అతడు ఈ ప్రశ్నతోనే చిక్కడపల్లిలో అక్క నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. ఆ పేజీలన్నీ టైపు చేసింది ఆమే.

“ఏంది తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్?”

“రేడియో దుర్బిన్ల కనబడ్డ రెండు మచ్చలు వేరువేరని పట్టికల రాసిన గద అక్కా, అవి రెండూ ఒకే గెలాక్సీవి.”

“గంత దూరముంటె ఒక్కదానివెట్లయితయ్?”

“ఆకాశమంత ఎక్స్-రేలతోని చూసిన సర్వే జాబితా ఇయ్యాల దొరికింది. రెండిటికీ సరిగ్గ నడుమ ఒక చుక్కున్నది. గదే గెలాక్సీ గుండె. దాంట్లకెళ్లి రెండు దిక్కులా చిమ్మిందే ఆ రెండు మచ్చలు.”

“అంటే నువ్వు బర్కత్‌పురల, నేనీడ. నడుమ నారాయణగూడల అమ్మను చూడనోళ్లకు మనం పరాయోళ్లమే.”

“గంతే! నా థీసిస్ల అన్నిటికంటె పెద్ద గెలాక్సీ గదే. నేనే రెండు ముక్కలు చేసిన.”

“మరి సంబురపడక ఈ పరేషానేంది?”

“పన్నెండు పేజీలు మల్ల కొట్టాలె. నీ వేళ్లు ఇప్పటికే వాచినయ్.”

“తప్పు నీది, సాకు నా వేళ్లదా?”

అతడు నవ్వాడు. పాత పట్టికను నిలువునా చింపి, తెల్లకాగితాల నడుమ కార్బన్లు పెట్టి మిషన్‌కు ఎక్కించాడు.

“కొట్టు అక్కా, నేను చదువుత.”