కొత్త పిస్టను, కృష్ణ ఆవలి గట్టు

సాయంత్రం ఆరు దాటింది. పొద్దున్నుంచీ కురిసిన వాన తెరిపిచ్చింది గానీ చూరు ఇంకా కారుతూనే ఉంది.

బందరు దగ్గర గూడూరులో రత్నకుమారి ఇంటిముందు ఆటో ఆగింది. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం ఊళ్ళో గుడికని తెల్లారి బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నం భోజనాలకి రావాలి. ఇప్పుడొచ్చారు. అప్పట్నుంచీ ఆమె ఇంట్లోకీ రోడ్డుమీదకీ తిరుగుతూనే ఉంది.

భర్త నాగేశ్వరరావు, కొడుకు వెంకట్ మెట్లమీద చతికిలబడ్డారు. అత్తగారు సత్యవతమ్మ స్తంభానికి ఆనుకుని రొప్పుతోంది. ఆటో నడిపిన తమ్ముడు నూకరాజు మాత్రం ఒక్క గెంతున అరుగెక్కాడు.

"ఏమైందిరా?" అందామె.

"ఏమవుతుందక్కయ్యా! బ్రహ్మాండం! రేపు జ్యోతిని బందరు ఆసుపత్రికి నా బండిలోనే తీసుకెళ్తున్నా. అంతే, ఇంకో మాట లేదు."

జ్యోతిర్మయి ఆమె కూతురు. నెలలు నిండాయి. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చాలి. గుమ్మంలో నిలబడి మేనమామ మాటలు వింటోంది. రత్నకుమారి కూతురి వైపు చూసింది. ఆటో వైపు చూసింది.

పక్కింటి మల్లికార్జునరావు, ఎదురింటి లక్ష్మీకాంతం వచ్చి అరుగు మీద సర్దుకున్నారు. నూకరాజుకి అంతకన్నా ఏం కావాలి!

"బాబాయ్, బండి ఇంజనుకి బోరు చేయించి కొత్త పిస్టను వేయించానా, మెకానిక్కు జబ్బార్ భాయ్ ఏం చెప్పాడూ? 'కోడెదూడని కాడికి మరిపినట్టు మరపాలి రాజూ, కొన్నాళ్ళు నలభై దాటకు, బరువెయ్యకు, మధ్యమధ్య ఆపి చల్లారనియ్యి' అన్నాడు. సరేనని ముప్పై మీద వెళ్తున్నా, బుద్ధిగా..."

"నువ్వు. బుద్ధిగా," అన్నాడు మల్లికార్జునరావు.

"వినండి ముందు! మొవ్వ దగ్గర ఓ బస్సు, మొహం మీద పొగ వదుల్తూ దారివ్వడం లేదు. నేనేం చెయ్యలేదు బాబాయ్, హ్యాండిల్ ఇంతే, ఇంతే తిప్పా. బస్సుని దాటింది, బస్సు ముందున్న కారుని దాటింది, కారువాడు కొట్టిన హారన్ మోతని కూడా దాటేసింది, ఆ మోత మాకు తర్వాతెప్పుడో వెనకనుంచి వినపడింది. మీటర్లో ముల్లు ఓ చుట్టు తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బండి ఆగిందా?" అంది లక్ష్మీకాంతం.

"ఆగడమా! రెండు పక్కలా నాట్లేస్తున్నారా, మా గాలికి ఆడవాళ్ళ చేతుల్లో నారు ఎగిరి, తాడు పట్టి కొలిచినట్టు వరసలు వరసలుగా మళ్ళో దిగబడిపోయింది పిన్నీ! ఎకరం నాటు, రెప్పపాటులో! రైతు వెనకే పరిగెత్తుకొచ్చి, 'బాబ్బాబు, ఆ పక్క అరెకరం కూడా ఓసారి వెళ్ళిరా' అని బతిమాలాడు."

"మరి వెళ్ళలేకపోయావా?"

"గుడికెళ్తూ కూలిపని ఏంటి బాబాయ్? సరే, శ్రీకాకుళం వచ్చేసింది. బ్రేకు తొక్కా. కొత్త పిస్టను గదా, వింటేనా! రేవు దిగింది, కృష్ణ మీదెక్కింది, నీళ్ళు తెలుసుకునేలోపు ఆవలి గట్టు, అక్కడ తిప్పితే మళ్ళీ ఈవలి గట్టు. చక్రం తడిస్తే ఒట్టు! నడి ఏట్లో ఓ బొచ్చె చేప ఎగిరి సత్యవతత్తయ్య ఒళ్ళో పడింది, ఇంత లావుది!"

"ఏదీ ఆ చేప?"

"దేవుడి దగ్గరికెళ్తూ నీచు ఎలా పట్టుకెళ్తాం పిన్నీ? వదిలేశాం."

జ్యోతిర్మయి నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. మెట్లమీద వాళ్ళు మాత్రం నవ్వలేదు.

రత్నకుమారి నీళ్ళ బకెట్టూ చెంబూ తెచ్చింది. అత్తగారి కాళ్ళమీద నీళ్ళు పోయబోయి ఆగింది. చీర కుచ్చిళ్ళ దాకా బురద. భర్త ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. వెంకట్‌కి మొహం మీద కూడా. తమ్ముడి వైపు తిరిగింది.

"నీ ప్యాంటు మీద ఒక్క చుక్కయినా లేదేరా?"

నూకరాజు వంగి ప్యాంటు చూసుకున్నాడు.

"అంటే నువ్వు కూర్చున్నావు. వీళ్ళు తోశారు."

"బరువెయ్యొద్దన్నాడుగా జబ్బార్, వీడు మాట నిలబెట్టాడు," అన్నాడు మల్లికార్జునరావు. అరుగు గొల్లుమంది.

సత్యవతమ్మకి అప్పటికి ఊపిరి అందింది. "కృష్ణ మొహం ఎవరు చూశారే అమ్మాయ్! బస్సుని దాటబోయాడు. ఇంజను కుయ్యోమని పట్టేసింది. బండి కాలవ వైపు జారింది. అది చల్లారి మళ్ళీ కదిలేదాకా వానలో తోస్తూనే ఉన్నాం."

"కాలవకి ఎంత దూరంలో ఆగింది?"

అత్తగారు వేళ్ళు దగ్గరపెట్టి చూపించింది. బెత్తెడు.

నవ్వులు ఆగిపోయాయి. నూకరాజు తలొంచుకుని చొక్కా గుండీ తిప్పుతున్నాడు. "రేపు నిజంగా ముప్పై దాటనక్కయ్యా," అన్నాడు గొణుగుతూ.

"రేపు మల్లికార్జునరావు గారి జీపులో వెళ్తాం. పంపిస్తారుగా బాబాయిగారూ?"

"అడగాలా అమ్మా!"

"నువ్వూ రా," అంది తమ్ముడితో. "వెనక కూర్చో. నొప్పులొస్తే దారంతా జ్యోతికి కబుర్లు చెప్పు. నవ్వుతుంది."

నూకరాజు కళ్ళు మళ్ళీ వెలిగాయి. "ఆ చేప సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదక్కయ్యా..."

"కాళ్ళు కడుక్కో ముందు."

వరసగా నీళ్ళు పోసింది. పోస్తూ లెక్కపెట్టుకుంది. అత్తయ్య ఒకరు. ఆయన ఇద్దరు. వెంకట్ ముగ్గురు. ఈ కోతలరాయుడు నలుగురు.

నలుగురూ వచ్చారు.