కొండవైపు చోటు

కొండదారి మలుపులో ఇద్దరు ఆగారు. ఒకాయన లిఫ్టులు బాగుచేసే పెద్దమనిషి. రెండో అతను ఆయన కూతుర్ని చేసుకుంటానంటున్న కుర్రాడు. ఆ అమ్మాయి చాలా ముందుగా ఎక్కేసి శిఖరం మీద కూర్చుంది.

"ఏంటి బాబూ, కొండని కావలించుకుని నడుస్తున్నావ్?"

"రాయి... బాగుందండీ."

"లోయ ఇంకా బాగుంది. ఇటు చూడు."

"వద్దులెండి! ఎత్తంటే నాకు చచ్చేంత భయం. ఇక మీరు సంబంధం వద్దన్నా సరే."

"మరెందుకొచ్చావయ్యా?"

"తను రమ్మంది. రానంటే మొహం చిన్నబుచ్చుకుంటుంది కదండీ."

"వాళ్ళమ్మా అంతే. పెళ్ళయిన కొత్తలో నన్ను ఈ కొండే ఎక్కించింది. కాళ్ళు ఆరోజు ఎలా వణికాయో ఈరోజూ అలాగే వణుకుతున్నాయి."

"మీకూ భయమా? రోజూ లిఫ్టుల్లోనే ఉంటారు కదండీ!"

"లిఫ్టుకి నాలుగు గోడలుంటాయి నాయనా. ఈ దారికి ఉన్నదే ఒక్కటి, దాన్ని నువ్వు కొట్టేశావు."

పైనుంచి కేక వినిపించింది. "నాన్నా! ఇద్దరూ ఉన్నారా, ఒక్కరే మిగిలారా?"

"వస్తున్నామే తల్లీ! ఏం బాబూ, దిగిపోదామా?"

"ఎక్కుదామండీ. మీరు కొండవైపుకి రండి, నేను అంచువైపు నడుస్తాను."

"భయమన్నావు?"

"భయమేనండీ. కళ్ళు మూసుకుంటాను."

"కొంప ముంచుతావు! కళ్ళు తెరిచి, చెయ్యి పట్టుకో అల్లుడూ."