పాలపిట్ట వీడియో

దసరా పొద్దున, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పసుపు వ్యాపారి ఆత్మారాం దుకాణానికి సిరికొండ ఊరి నుంచి బాలన్న గుడ్డ కప్పిన పంజరంతో వచ్చాడు.

"లోపలికి తేకు బాలన్నా. ఆడనే ఉంచు."

"గదేంది సేటూ! ఏటేటా గల్లాపెట్టె మీదనే పెడ్తుంటిమి గద. గిరాకీలు దండం పెట్టుకోవద్దా?"

"ఈయేడు వద్దు."

"మంచి పాలపిట్ట సేటూ. గుడ్డ తీస్త, సూడుండ్రి..."

"తియ్యకు!"

"పాలపిట్టను సూడకుంట దసరా ఎట్లయితది? ఆఫ్రికా పోయొచ్చినంక మీ దేవుడు గిట్ల మారిండా?"

"దేవుడు గాదు. బేరానికని టాంజానియా పోతిని గదా, ఆఖరి రోజు ఓ చిన్న నేషనల్ పార్కుకు తోల్కపోయిండ్రు."

"సింహాలు సూసిండ్రా?"

"లేవు. జిరాఫీలు, అడివి బర్రెలు, యాడ జూసినా పిట్టలు. జీపు నడిపే జోసెఫ్ ఓ కొమ్మ చూపెట్టిండు. మన పాలపిట్టే అనుకో, రొమ్ము ఒక్కటే వంగపువ్వు రంగు. చెప్పులిడిసి దండం పెట్టిన."

"మంచిగ జేసిండ్రు."

"గిదేంది సార్ అన్నడు. మా పండుగ నాడు దీన్ని చూస్తెనే జయం అన్న. యాడ చూస్తరు అన్నడు."

"గల్లా మీద అని చెప్పిండ్రా?"

"పసుపు చేన్లకు పోయి, ఎగురుతుంటే చూస్తమని చెప్పిన."

"అబద్ధమేం గాదు. ఎనుకట అందరు గట్లనే పోతుండె."

"నేను పోలేదు గదా! జోసెఫ్ జీపు ఆపి, ఎనుక కూసున్నోళ్లందరికీ చెప్పిండు, వీళ్లు పిట్టను పట్టుకోరు, పిట్ట దగ్గరికే పోతరని. చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ... నవ్విన."

"పోనియ్యుండ్రి. ఆయిన నిజామాబాద్ వస్తడా, సూస్తడా?"

"పొద్దుగాల మెసేజ్ పెట్టిండు. ఇయ్యాల మీ పిట్ట ఎగిరేది వీడియో పంపుమని. పిల్లలకు చూపెడ్తడట."

"ఓహో! గిదా సంగతి."

"నవ్వకు. ఇందల్వాయి దిక్కు చేన్లకు పోదాం. నువ్వు పంజరం తలుపు తియ్యి, అది ఎగిరిపోతది, నేను వీడియో తీస్త. నా అబద్ధం నిజమైతది, లెక్క సాఫ్."

"అది... సేటూ..."

"ఏంది? పిట్ట పోతదని ధర పెంచుతవా?"

"పైసల ముచ్చట గాదు."

"మరి తలుపు తియ్యనీకి నొప్పేంది?"

"తలుపు సిరికొండ కాడికెల్లి తీసే ఉన్నది సేటూ. పోయినేడు గిరాకీల మీద ఎగిరిందని, ఈసారి రెక్కలు కోసి తెమ్మన్నది మీరే గదా."