నాచు చారు

నా పాలు ఎండిపోయి పాప చచ్చిపోతుందేమోనన్నదే నా అతిపెద్ద భయం. నగరాలు కూలిపోయాక దక్షిణానికి నడుస్తుంటే, తీరాన సామ్‌చొక్ అనే ఊరి దగ్గర సెబ్యోల్ అనే పదహారేళ్ళ పిల్ల తోడైంది. తన దగ్గర మిగిలిన కాస్త సముద్రపు నాచుతో చారు కాచింది.

"తాగక్కా. బాలింతవి, పాలు పడతాయి."

"మరి నీకో?"

"పరీక్షకు ముందు నాచు చారు తాగితే నాచు మీద కాలేసినట్టు జారి తప్పుతామంటారు, మరిచిపోయావా? రేపు నాకు పరీక్ష."

"బళ్ళే లేవు, పరీక్షేంటే దొంగపిల్లా!"

"విరిగిన వంతెన దాటడం పరీక్ష కాదూ? జారితే నువ్వొచ్చి పట్టుకుంటావా?"

"నీ కడుపు అరుస్తోంది, నాకు వినపడుతోంది."

"పాఠం వల్లె వేసుకుంటోందిలే. చల్లారిపోతోంది, తాగు."

తాగాను. తెల్లారేసరికి పాలు పడ్డాయి, పాప గుటకలు వేస్తోంది. దణ్ణం పెడదామని చూస్తే, సెబ్యోల్ వాళ్ళమ్మను వెతుక్కుంటూ అప్పుడే వంతెన మీదికి వెళ్ళిపోయింది. పాపతో నేను ఆ వంతెన దాటలేను. అవతలి ఒడ్డున ఎవరైనా ఈ చీటీ చదివితే, ఆ పిల్ల క్షేమంగా దాటిందో లేదో, ఏమైనా తిందో లేదో కాస్త కనుక్కోండి.