దిగే చోటు లేని ఓడ

పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్ళో ఓ అద్దె ఇంటి గరాజ్. ఆదివారం మధ్యాహ్నం. కృష్ణచైతన్య బల్ల ముందు కూర్చుని బొమ్మ ఓడకి జిగురు పెడుతున్నాడు. భార్య రాజశ్రీ గుమ్మంలో నిలబడింది.

“పెట్టెలో సగం ముక్కలు పోయినట్టున్నాయి, చూసుకున్నావా?”

“ఏం పోలేదు రాజీ. ఆ ఓడే అంత.”

“అంతంటే? వెనకాల అంత లావు ఫిరంగి. ముందేమో చపాతీ పీటలా బోసిగా ఉంది.”

“అది విమానాలు ఎగరడానికి. ఫ్యూరియస్ అని, మొదటి ప్రపంచయుద్ధం నాటిది. మొదట యుద్ధనౌకగానే కట్టడం మొదలెట్టారు. ముందొకటి, వెనకొకటి ఫిరంగులు పెడదామనుకున్నారు. కడుతుండగానే మనసు మార్చుకుని, ముందుది మానేసి అక్కడ బల్ల పరిచారు.”

“వెనకది?”

“ఉంచారు.”

“ఎందుకు?”

“పనికొస్తుందేమోనని.”

“మీ అమ్మ హార్లిక్స్ సీసాలు దాచినట్టు.”

“మధ్యలో మా అమ్మెందుకు?”

“సరే, వదిలేయ్. ఇంత తెలివితక్కువ ఓడని ఏరికోరి కొన్నావా?”

“ఎవరో ఇంట్లో పాత సామాన్లు అమ్ముతుంటే, ఆ గరాజ్ సేల్‌లో దొరికింది.”

“అమ్మినవాడు తెలివైనవాడు. మరి ఎగిరినవి దిగేదెక్కడ?”

“అదే... దిగడానికి లేదు.”

“లేదా?”

“మధ్యలో కెప్టెన్ గది, పొగగొట్టం అడ్డం. ఒక పైలట్ ఎలాగో పక్కనుంచి వచ్చి ముందు బల్ల మీద దిగాడు. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని రోజులకి మళ్ళీ దిగబోయి సముద్రంలో పడి చచ్చిపోయాడు.”

“ఛీ! అప్పుడైనా ఆ గది తీశారా?”

“లేదు. వెనక ఫిరంగి తీసి అక్కడ కూడా బల్ల పరిచారు. గది మాత్రం అలాగే ఉంచారు.”

“కెప్టెన్‌గారి కుర్చీ కదలకూడదు మరి! మగబుద్ధి.”

“తర్వాత తీశారులే. పైనంతా చదును చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో కూడా పనిచేసింది.”

“ఆ పనేదో ముందే ఏడిస్తే పోయేదిగా. ఈలోగా ఎగిరినవాళ్ళ గతి?”

“నీళ్ళలోనే దిగేవాళ్ళు. పక్క ఓడవాళ్ళు పడవ వేసుకొచ్చి మనిషిని పైకి లాగేవాళ్ళు.”

“విమానం?”

“మునిగిపోయేది.”

“దిగే చోటు చూసుకోకుండా ఎగిరేవాళ్ళని ఏమంటారు చైతన్యా?”

“ధైర్యవంతులంటారు.”

“మా ఇంట్లో వేరే మాట అంటారు. అన్నానికి రా.”

“ఆగు. శుక్రవారం మా బాసు...”

“మళ్ళీ బాసా! ఇంకో నాలుగు నెలలు నోరు మూసుకుని ఉండు. ఈ కంపెనీలో రెండేళ్ళు నిండితేనే నీకు ఇక్కడ శాశ్వతంగా ఉండే రెసిడెన్సీ. నీ వీసా పట్టుకునే నేనూ వేలాడుతున్నాను.”

“నేను చేసిన డిజైన్‌ని నా ముందే తనదని చెప్పుకున్నాడు రాజీ. ఆ దద్దమ్మకి కాంక్రీటుకీ ఇడ్లీ పిండికీ తేడా తెలీదు.”

“ఆ దద్దమ్మ ఇచ్చే జీతంతోనే ఇడ్లీలు తింటున్నాం. నువ్వేమన్నావ్?”

“మార్నింగ్ టీ టైమ్‌లో, అందరూ ఉన్నారు...”

“ఏమన్నావ్?”

“ఏమీ అనలేదు. నా బ్యాడ్జి తీసి వాడి కేకు ముక్క మీద పెట్టి వచ్చేశాను.”

“వచ్చేశావంటే? టీ తాగి వచ్చేశావా, లేక...”

“మానేశాను.”

“ఇంకో ఉద్యోగం చూసుకున్నావా?”

“లేదు.”

“శుక్రవారం ఉద్యోగం మానేసి, ఆదివారం ఓడ అతికించుకుంటున్నావన్నమాట. శభాష్.”

“రాజీ... ఆ క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు నీకు ఉద్యోగం ఇస్తామన్నారుగా. నర్సులకి రెసిడెన్సీ తొందరగా వస్తుందని నువ్వే...”

“పెళ్ళాం వెనకాల లగేజీలా రానన్నావ్.”

“అన్నాను. కోపంలో అన్నాను. వాళ్ళకి వద్దని చెప్పేశావా?”

“చెప్పమన్నావుగా.”

“చెప్పేశావా?”

“వచ్చే నెల చేరతానని చెప్పాను. గది కూడా చూసుకున్నాను. నా ఒక్కదానికే.”