రెండో గ్లాసు

పొయ్యి రాజెయ్యాలి, బీరు వచ్చే గొట్టాలు కడగాలి, నేలమాళిగలోని బీరు పీపాను కదపకుండా తేటపడనివ్వాలి. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఆ చిన్న పబ్బును ఇప్పుడు ఆమె ఒక్కతే నడుపుతోంది; ఇంతకుముందు ఈ పనులన్నీ ఆమె భర్త క్లెమెంట్ చూసేవాడు. ఆయన పోయాక ఆమె సొంతంగా పెట్టిన రెండో పీపా ఇది. తలుపు తీయగానే రోజూ వచ్చే పెద్దాయన వచ్చి కూర్చున్నాడు.

“పొయ్యనా పెద్దాయనా?”

“అందుకేగా వచ్చింది!”

“ఇదీ చెడితే ఆదివారం తాళం వేసేస్తాను. మిల్లు దగ్గరి పబ్బులో నిలబడే చోటు లేదట. మనవాళ్లంతా అక్కడే ఉన్నారు.”

“పోయినసారి బాగుందనే చెప్పాంగా.”

“అందరూ అలాగే అన్నారు. సగం గ్లాసు వదిలేసి, ఇంట్లో పనుందని లేచిపోయారు. తీరా చూస్తే కుడితిలా ఉంది! తేటపడకముందే తొందరపడ్డాను.”

“మొహం మీద అనడం మా ఇంటావంటా లేదమ్మాయ్.”

“మరి నువ్వెలా తాగావు, మొత్తం?”

“కళ్లు మూసుకుని.”

ఆమె గ్లాసు నింపి ముందు పెట్టింది. పెద్దాయన దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు.

“దీంట్లోంచి చర్చి శిఖరం కనబడుతోంది.”

“తేటపడింది సరే, రుచి చూడు. బాగుందని మాత్రం అనకు, నీకు పుణ్యముంటుంది.”

ఆయన ఆగకుండా తాగి, మూతి తుడుచుకున్నాడు.

“అననులే. ఇంకోటి పొయ్యి. ఈలోగా ఆ మిల్లు దగ్గరి వాళ్లకు ఫోన్ చేసి రమ్మంటాను.”

ఆమె రెండో గ్లాసు నింపింది.

మీరెప్పుడైనా అక్కడ తేటైన గ్లాసు ఎత్తితే, అందరూ లేచిపోయినా కదలని ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.