లడ్డు సగం

మధ్యాహ్నం భువనగిరిలోని ఒక ఆసుపత్రి వరండాలో అక్కాచెల్లెళ్లిద్దరు గోడకు ఆనుకొని కూర్చున్నారు. లోపల చెల్లెలి భర్త లింగస్వామి స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

“ఎంత పెట్టినవే?” అని అక్క అడిగింది.

“నువ్వు తెచ్చిన భంగు లడ్డులల్ల ఒకదాంట్ల సగం పెట్టిన. క్యాన్సర్ నొప్పికి జర నిమ్మళమైతదంటివి గద. ముప్పావు గంట చూసిన, ఆయన అరుపు ఆగలే. ఇంకో లడ్డు మొత్తం పెట్టిన.”

“అయ్యో! గది తింటె మత్తు ఎక్కేతందుకు రెండు గంటలు పడ్తదట. గప్పటిదాంక మల్ల పెట్టొద్దట.”

“గా మాట నాకెందుకు చెప్పలే అక్కా?”

“నాకు తెలిస్తె గద చెప్పేది! ఇప్పుడే డాక్టరమ్మ అన్నది. రోజూ ఏసుకునే నొప్పి గోలీలకు గిది తోడై మత్తు ఇంకా ముదిరిందట. గా మత్తుల కక్కితే, అది ఊపిరితిత్తులల్లకు పోయిందట.”

“బతుకుతడన్నదా?”

“ఇయ్యాల గడుస్తదో లేదో చెప్పలేనన్నది.”

“ఇంకో మూడు నెలలు ఉంటడన్నరు గదక్కా. గా మూడు నెలలు గూడ నేనే గుంజుకున్న.”

“గట్లనకే. ఆయన నొప్పి తగ్గాలెననే గద పెట్టినవు.”

“ఏమో అక్కా. ఆయన నొప్పి తగ్గాలెనని పెట్టిననో, గా అరుపు ఇంక నేను ఇనలేకనే పెట్టిననో, నాకే తెలుస్తలేదు.”